జర్నిషాన్ భయమూ, కెహ్రబా హేవా చెట్టూ

దాష్‌బులాఖ్ పల్లెలో జర్నిషాన్ పేరు చెబితే ముందు నవ్వు వచ్చేది, ఆ తరువాతే మనిషి గుర్తుకొచ్చేది. "తన నీడ ఎదురైనా సలాం కొట్టి పక్కకి తప్పుకుంటుందిరా ఆవిడ," అనేవాళ్ళు టీ దుకాణం ముందు కూర్చున్న మగవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. ఉరుమంటే భయం, కుక్కంటే భయం, ఎవరైనా తలుపు కాస్త గట్టిగా తడితే భయం. ఆరాజ్ నదికి అవతల ఇరాన్ గట్టున కాపలా సైనికుడు టోపీ సర్దుకున్నా, ఇవతల ఆమె ఉతుకుతున్న బట్టలు వదిలేసి ఇంటికి పరుగెత్తేది. చిన్నప్పుడు తల్లి ఆమెను భయం దించే ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ముసలమ్మ గుడ్డపేలిక కాల్చి ఒంటిమీద అక్కడక్కడా చురకలు పెట్టింది. దాంతో పాత భయాలేవీ పోలేదు కానీ ముసలమ్మలంటే కొత్త భయం పట్టుకుంది.

ముర్షుద్‌ని పెళ్ళాడి కొత్తకోడలుగా వచ్చినప్పుడు అత్తగారు బిల్లూర్‌కి ఈ పిల్లతో ఏం చెయ్యాలో తోచలేదు. రొట్టెలు కాల్చమంటే తందూరు మంట చూసి వెనక్కి పోయేది. పాలు పితకమంటే ఆవు తల తిప్పగానే చెంబు పారేసేది. బిల్లూర్ నాలుగు రోజులు చూసి నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నిన్నెక్కడ పెట్టనే పిల్లా? కరవనిదీ పొడవనిదీ ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. పద, చూపిస్తా."

ఇంటి వెనక మట్టిగోడ పక్కన ఉంది ఆ చెట్టు. హేవా చెట్లు ఆ పల్లెలో ప్రతి దొడ్లోనూ ఉంటాయి. పసుపుపచ్చని కాయ, ఒంటినిండా నూగు. బెల్లంపాకంలాంటి పాకంలో ఉడికిస్తే ఎర్రబడి కమ్మగా ఉంటుంది గానీ, పచ్చిగా కొరికితే నోరంతా వగరెక్కి గొంతు పట్టేస్తుంది. బిల్లూర్ చెట్టు ఆ రకం కాదు. దాన్ని కెహ్రబా హేవా అనేవాళ్ళు. జపమాలలు చేసే తేనెరంగు పూసలకి ఆ పేరు. కాయ చివరాఖర్న, తొలి మంచు పడే ముందు కోతకొస్తుంది. గడ్డిలో పరిచి ఉంచితే చలికాలమంతా మెల్లిగా మాగి, వసంతంలో నౌరూజ్ పండుగ నాటికి లోపలి కండ పూసలా తేనెరంగు తిరుగుతుంది. అప్పుడు కత్తితో కోసి పచ్చిదే తినొచ్చు. వగరుండదు. పెట్టె తెరిస్తే గది గదంతా వాసన.

జర్నిషాన్‌కి ఆ చెట్టు దగ్గర భయం వెయ్యలేదు. ఎందుకో ఆమెకీ తెలియదు. బిల్లూర్ ఆమెకు కొమ్మలు కత్తిరించడం నేర్పింది, బెరడు కింద దాక్కునే పురుగుల్ని గీరి తీయడం నేర్పింది, మొదలు చుట్టూ తవ్వి పేడమన్ను వేయడం నేర్పింది. అంటు కట్టే పని మాత్రం బిల్లూరే చేసేది. కోడలు కత్తి పట్టుకుంటే చెయ్యి వణికి చీలిక వంకరపోయేది.

సోవియట్ రోజుల్లో జిల్లా నుంచి కొత్తరకం మొక్కలొచ్చాయి. కాయ పెద్దది, కాపు ఎక్కువ, పాతవి తీసేయండి అన్నారు. పల్లెలో కెహ్రబా చెట్లు ఒక్కొక్కటే పోయాయి. ఒకరోజు అధికారి ఒకాయన జీపు దిగి బిల్లూర్ దొడ్లోకి వచ్చాడు. అత్తగారు ఇంట్లో లేదు.

"ఇదేం రకం?" అని అడిగాడు.

జర్నిషాన్ నోరు తెరిచింది. మాట రాలేదు. మూసింది. మళ్ళీ తెరిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన కాసేపు చూసి డ్రైవరుతో, "పాపం, మూగదయ్యా," అని జీపెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆ సంగతి విని బిల్లూర్ పొట్ట పట్టుకుని నవ్వింది. "నీ పిరికితనానికి కూడా ఒక పని దొరికిందే!" అంది.

అత్తగారు పోయింది. ఏళ్ళ తరువాత ముర్షుద్ కూడా పోయాడు, గుండె ఆగి, తోటలో గొడ్డలి చేతిలో ఉండగానే. పిల్లలు కలగలేదు. ఆ ఇంట్లో జర్నిషాన్ ఒక్కతే మిగిలింది, ఒక మేక, కొన్ని కోళ్ళు, ఆ చెట్టు.

గోడ అవతల కలంతర్ ఇల్లు. పూర్వం ట్రాక్టర్ నడిపేవాడు. ఎద్దులాంటి మనిషి, గొంతు కూడా అలాంటిదే. ముర్షుద్ పోయిన మరుసటి వేసవిలో కాలవనీళ్ళ వంతు దగ్గర పేచీ వచ్చింది. కలంతర్ పార తీసుకొచ్చి మడవ తన దొడ్డివైపు తిప్పేశాడు. జర్నిషాన్ అడ్డుచెప్పబోతే, "నీళ్ళు నీ మొగుడి జేబులోవి కావమ్మా!" అని అరిచాడు. ఆ అరుపుకి ఆమెకు ముచ్చెమటలు పోశాయి. అప్పట్నుంచీ వీధిలో అతను కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోయేది.

కొండల అవతల యుద్ధం మొదలైన ఏడాది రైలు ఆగిపోయింది. ఆ తరువాత గ్యాసు ఆగిపోయింది. ఆ తరువాత కరెంటు. చలికాలం మాత్రం ఆగలేదు. అంతకుముందెప్పుడూ లేనంత మంచు కురిసింది. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పైపులు పగిలాయి.

మొదట వాగు ఒడ్డున పోప్లర్ చెట్లు కొట్టారు. తరువాత కంచెలు. తరువాత బడిలో బల్లలు. ఆ తరువాత జనం తోటలమీద పడ్డారు. తాతలు నాటిన మల్బరీ చెట్లని మనవలు కొడుతుంటే ఎవరూ ఎవర్నీ తప్పుపట్టలేదు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పల్లెలో గొడ్డళ్ళ చప్పుడే. ఒక్కో దెబ్బకీ జర్నిషాన్ ఉలిక్కిపడేది. ఆ దెబ్బ ఎటువైపునుంచి వచ్చిందో చెవి రిక్కించి వినేది. కిందటి వారం కన్నా ఈ వారం దగ్గరగా ఉంది కదా అనుకునేది. ఆమె తన వంతు పొయ్యిలోకి కోళ్ళగూడు, మేకలదొడ్డి తలుపు, చివరికి ముర్షుద్ కూర్చునే బల్ల కూడా పెట్టింది. ముందుగదికి తాళం వేసేసి, చిన్నగదిలో రేకుపొయ్యి పక్కనే పడుకునేది.

దారిన పోయేవాళ్ళు గోడమీంచి చెట్టు వంక చూసేవాళ్ళు. పూర్వం కాయలకోసం చూసేవాళ్ళు. ఇప్పుడు మొదలు ఎంత లావుందో చూస్తున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం తలుపు దబదబా మోగింది. ఆమె సందులోంచి చూసింది. కలంతర్.

"ఏం కావాలి?"

"తలుపు తియ్యమ్మా. నేనేం తోడేలునా?"

ఆమె తీయలేదు. అతను బయటే నిలబడి మాట్లాడాడు. నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"ఆ చెట్టు సంగతి మాట్లాడదామని వచ్చా. ముసలిదైపోయింది. సగం డొల్ల."

"డొల్ల కాదు."

"కాకపోతే మరీ మంచిది, ఎక్కువసేపు మండుద్ది. చూడు, మా కోడలు పచ్చి బాలింత. మావాడు నాతిగ్ యుద్ధంలో ఉన్నాడు, ఎక్కడున్నాడో తెలవదు. ఇంట్లో నీళ్ళబిందె గడ్డకట్టింది. చెరిసగం చేసుకుందాం. నేనే కొడతా, నేనే మోస్తా."

పసిదాని ఏడుపు గోడ అవతలనుంచి జర్నిషాన్‌కి రోజూ వినిపిస్తూనే ఉంది. తెలియనిది కాదు. అయినా నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే.

"ఇవ్వను."

ఆ మాట అన్నది తనేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.  ఏం చేస్తాడో అని తలుపుకి వీపు ఆనించి నిలబడింది.  కాసేపటికి ఆమె లోపలికి పోయి, తను మిగుల్చుకున్న కట్టెపుల్లల్లో ఒక కట్ట తెచ్చి, తలుపు కొంచెం తెరిచి బయటికి తోసింది. కలంతర్ దాన్ని చంకలో పెట్టుకున్నాడు. మంచిమాట ఒక్కటీ అనలేదు.

"నేను అడిగేవాణ్ణి కాబట్టి అడిగా," అన్నాడు. "రేపొచ్చేవాళ్ళు అడగరు."

ఆ మాట ఆమె గుండెల్లో దిగబడింది. బెదిరించాడనే అనుకుంది. ఇంకెవరున్నారు, గోడ దూకితే చెట్టు అందేవాడు అతనే కదా. ఆ సాయంత్రమే అటకమీంచి పాత మేకల గంటలు దింపి, తాడుకి గుచ్చి, చెట్టు మొదలు చుట్టూ రెండు మూడు వరసలు కట్టింది. తాడు కొస కిటికీ దాకా లాగింది. దాంతో నిద్ర పడుతుందనుకుంది. ఉన్న నిద్ర కూడా పోయింది. గాలి వీస్తే గంటలు మోగేవి. మంచు జారిపడితే మోగేవి. కాకి వాలితే మోగేవి. ప్రతిసారీ ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తేది, కాకిని చూసి కూలబడేది.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒక ఉదయం పొగమంచు దట్టంగా పట్టి ఉంది. ఆమె మేకకి ఎండుగడ్డి వేస్తోంది. గంటలు మోగాయి. ఈసారి ఒక్కసారి మోగి ఆగిపోలేదు. ఒకే వరసన, ఊగి ఊగి మోగుతున్నాయి. వాటి వెనకాల ఇంకో చప్పుడు. రంపం చప్పుడు.

 గడ్డి చేతిలోనే ఉండిపోయింది. లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకో, పోతే చెట్టు పోయింది, అని లోపలొక గొంతు చెబుతోంది. ఆ గొంతు మాటే జీవితమంతా విన్నది ఆమె. ఈసారి కూడా విని ఇంట్లోకే పరుగెత్తింది. కానీ ఇంట్లో గడియ మీద చెయ్యి పెట్టాక, ఆ చెయ్యి పక్కనున్న రొట్టెలు తీసే పొడుగాటి ఇనుపకొక్కెం అందుకుంది. ఎందుకు అందుకుందో తరువాత ఎవరడిగినా చెప్పలేకపోయింది. అది పట్టుకుని వెనక దొడ్లోకి వెళ్ళింది.

పొగమంచులో ఇద్దరు మనుషులు. మొహాలకి గుడ్డలు చుట్టుకున్నారు. మోకాళ్ళమీద కూర్చుని, రెండు చేతుల రంపం చెరోవైపు పట్టుకుని, నేలకి జానెడు ఎత్తున కోస్తున్నారు. ఎవరో పొరుగూరివాళ్ళు, ఈ పల్లెవాళ్ళు కాదు. ఒకడు తలెత్తి ఆమెను చూశాడు.

"లోపలికి పో, ముసలమ్మా. దెబ్బలు తగుల్తయ్."

అరుద్దామని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. జీపు అధికారి ముందు నిలబడ్డట్టే నిలబడింది. కొక్కెం చేతిలో గజగజ ఊగుతోంది. వాడు అది చూసి నవ్వి మళ్ళీ రంపం లాగాడు.

అంతలో గోడమీంచి ధబ్బుమని ఏదో దూకింది. కలంతర్. చేతిలో గొడ్డలి.  వీడూ వీళ్ళూ ఒక్కటే అనుకుంది. ముందు తననే నరుకుతాడనుకుని కళ్ళు మూసేసుకుంది.

"రంపం అక్కడ పెట్టి పొండ్రా!" కలంతర్ గొంతు దొడ్డంతా దద్దరిల్లింది. "ఒక్కత్తే ఉన్న ఆడదాని దొడ్డి దొరికిందా మీకు? మొహాలమీద గుడ్డలు తియ్యండి, మీ అమ్మలకి చూపిద్దాం!"

ఒకడు పక్కన పెట్టుకున్న తన గొడ్డలి ఎత్తాడు. కలంతర్ వెనక్కి తగ్గలేదు.   తరువాత రెండోవాడు మొదటివాడి భుజం పట్టి లాగాడు. ఇద్దరూ వెనకవైపు గోడ కూలిన చోటునుంచి దిగి పొగమంచులో కలిసిపోయారు. రంపం కోతలోనే ఇరుక్కుని ఉండిపోయింది.

కలంతర్ వంగి చూశాడు. సగానికి పైగా కోసేశారు. అరచేత్తో చెట్టుని కొంచెం నెట్టాడు. పైన కొమ్మలన్నీ కదిలి, కింద కోత నోరు తెరిచింది.

"నిలవదమ్మా," అన్నాడు. "పెద్దగాలి వీస్తే పోద్ది."

అంతే అన్నాడు. నాకియ్యి అనలేదు. గొడ్డలి భుజానేసుకుని గోడవైపు నడిచాడు. అప్పుడు గమనించింది జర్నిషాన్. అంత చలిలో అతని ఒంటిమీద పాత ఉన్ని స్వెట్టర్ తప్ప ఏమీ లేదు. అతని గొర్రెతోలు కోటు ఎవరిమీద కప్పి ఉంటుందో ఆమెకు అర్థమైంది.

"కలంతరన్నా," అని పిలిచింది. ఎన్నో ఏళ్ళ తరువాత అతన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. "ఉండు. నిచ్చెన తెస్తా. ముందు నన్ను పైకెక్కనీ. తరువాత కొట్టెయ్."

"పైకెక్కుతావా? నువ్వా?"

"నువ్వు చెట్టు పట్టుకో. ఊగనివ్వకు."

సగం తెగిన చెట్టుమీదికి నిచ్చెన వేసి, కిందనుంచి కలంతర్ మొదలుని కావిలించుకుని నిలబడితే, జర్నిషాన్ పైకెక్కింది. ఎక్కినంతసేపూ ఏడుస్తూనే ఉంది. కిందటి వేసవిలో పుట్టిన రెమ్మలు, పెన్సిలంత లావువి, మొగ్గలు బిగుసుకుని ఉన్నవి ఏరి ఏరి కత్తిరించి కొంగులో వేసుకుంది. చెట్టు కిర్రుమన్నప్పుడల్లా కళ్ళు మూసుకుని, "పడుతోందా? పడుతోందా?" అని అడిగేది.

"నువ్వు వణికితే అది వణుకుతోంది, అంతే! తొందరగా కానియ్, నా చేతులు కొయ్యబారిపోయినయ్!"

ఆమె దిగాక అతను చెట్టు కొట్టేశాడు. అది పడ్డప్పుడు ఆమె చూడలేదు. ఇంట్లోకి పోయి రెమ్మల్ని తడిగోనెలో చుట్టి, నేలమాళిగలో ఇసుక తవ్వి పాతిపెట్టింది.

ఆ మధ్యాహ్నమే ఆమె గోడ దగ్గర నిలబడి కలంతర్ కోడలు ఐబెనిజ్‌ని పిలిచింది. "రెండు ఇళ్ళలో రెండు పొయ్యిలు ఎందుకే అమ్మాయ్? మా చిన్నగది చిన్నది, తొందరగా వేడెక్కుద్ది. పిల్లని తీసుకుని వచ్చెయ్. మీ మామగారిని కూడా రమ్మను." చివరిమాట చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గింది.

అలా నలుగురూ ఆ చిన్నగదిలో చేరారు. మధ్యలో పొట్టిబల్ల, దానికింద నిప్పులకుండ, పైన పెద్ద రజాయి. అందరి కాళ్ళూ రజాయి కింద, వీపులు చలిలో. హేవా కట్టె పచ్చిది, పొయ్యిలో బుసలు కొట్టి కళ్ళు మండించేది. పొయ్యి చుట్టూ ముక్కలు పేర్చి ఆరబెట్టి ఒక్కొక్కటే వేసేవాళ్ళు. మండేటప్పుడు గదిలో పండు వాసన వచ్చేది. మొదటిరోజు ఆ వాసనకి జర్నిషాన్ లేచి బయటికి వెళ్ళిపోయింది.

కలంతరంటే ఆమెకు భయం పోలేదు. అతను తుమ్మినా ఉలిక్కిపడేది. రొట్టెముక్క అతనికి బల్లమీద పెట్టి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకునేది.

"పిన్నీ, మామయ్య కొరకడు," అని ఐబెనిజ్ నవ్వేది.

"ఏమో, ఆ రొట్టె చూస్తే కొరకాలనే ఉంది, కానీ పళ్ళు ఊడతయ్," అనేవాడు కలంతర్.

పాపకి జబ్బు చేసినప్పుడు ఆ నవ్వులు కూడా పోయాయి. నుబార్ ఆ పసిదాని పేరు. ముందు దగ్గు పట్టుకుంది, తరువాత జ్వరం. ఊపిరి తీస్తుంటే చిన్న డొక్కలు లోపలికి పోయేవి. ఐబెనిజ్ పాపని గుండెకి అదుముకుని ఊగుతూ కూర్చుంది. ఏడవడం కూడా మానేసింది. ఆమె మొహం చూస్తే జర్నిషాన్‌కి పాపని చూసినదానికన్నా ఎక్కువ భయం వేసింది.

"డాక్టరు కోసం ఒర్దుబాద్ పట్నం పోతా," అన్నాడు కలంతర్.

"ఆ మంచులోనా? దారి ఎక్కడుంది?"

"దారి లేకపోతే మంచుమీదే పోతా." కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక కొండల అవతలనుంచి ఫిరంగుల చప్పుడు వచ్చింది. కిటికీ అద్దాలు సన్నగా మోగాయి. ఐబెనిజ్ తలెత్తింది. ఇద్దరూ నాతిగ్‌ని తలుచుకున్నారు, ఎవరూ పైకి అనలేదు. జర్నిషాన్ పెట్టెలో దాచిన హేవా గింజలు తీసి గోరువెచ్చని నీళ్ళలో వేసింది. అవి ఊరి జిగురు దిగాక, ఆ జిగురు వేలికొసతో పాప పెదాలమీద రాస్తూ కూర్చుంది. గొంతు తడి ఆరకుండా ఉంటుందని అత్తగారు చేసేది. ఇంతకుమించి తనకేమీ తెలియదు. చచ్చిపోతే నా చేతుల్లోనే చచ్చిపోతుంది, నేను ఆరోజు ఇవ్వనన్న కట్టెల వల్లే చచ్చిపోతుంది అని ఒకటే ఆలోచన. ఆ ఆలోచన ఆమెను లోపల్లోపల తినేసింది. చేతివేలు మాత్రం ఆగలేదు. నీళ్ళు, పెదవి, నీళ్ళు, పెదవి.

మర్నాడు సాయంత్రానికి కలంతర్ వచ్చాడు. డాక్టరు రాలేదు, మందుసీసా వచ్చింది. అతని కనుబొమలమీద మంచు గడ్డకట్టి ఉంది, రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి చెక్కముక్కల్లా ఉన్నాయి. జర్నిషాన్ అతని బూట్లు లాగి, పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని ఉన్నిగుడ్డతో రుద్దింది. పాదాల్లోకి నొప్పి వచ్చి అతను అరిచినప్పుడు ఆమె ఉలిక్కిపడింది గానీ వదల్లేదు. మందు పనిచేసిందో, జిగురు పనిచేసిందో, పాపే గట్టిదో, వారం తిరిగేసరికి జ్వరం దిగింది.

ఇక ఆమెకు మిగిలింది రెమ్మల భయం. రోజూ నేలమాళిగలోకి దిగి ఇసుక తడిమి చూసేది. ఎండిపోతున్నాయేమో అని నీళ్ళు చల్లేది. మళ్ళీ తడి ఎక్కువై కుళ్ళిపోతాయేమో అని భయపడి పొడి ఇసుక కలిపేది. ఎలుకలకోసం పిల్లిని తెచ్చి కట్టేసింది. వసంతం వచ్చి తవ్వి తీస్తే సగానికి సగం నల్లబడి బూజు పట్టి ఉన్నాయి. కొన్ని గోటితో గీరితే లోపల ఆకుపచ్చ కనిపించింది.

అంటు కట్టడానికి బిల్లూర్ లేదు, ముర్షుద్ లేడు. ఆమే కత్తి పట్టుకుంది. చెయ్యి వణికింది. ఐబెనిజ్ వెనకనుంచి ఆమె మణికట్టు పట్టుకుంది. అలా ఇద్దరి చేతులతో మొదటి చీలిక తిన్నగా వచ్చింది. మామూలు హేవా పిలకలమీద కొన్ని కట్టింది. కలంతర్ దొడ్లో గోడవారన ముళ్ళ హాథార్న్ మొక్కొకటి ఉంది, హేవాకి దగ్గరి చుట్టం. దానిమీద ఒకటి కట్టింది. గుడ్డపీలికలు చుట్టి, పైన మైనం, మట్టి, పేడ పూసింది.

పిలకలమీద కట్టినవి ఒక్కటీ అతకలేదు. మైనం తక్కువైందో, చీలిక వంకరపోయిందో. ఆమె రోజూ పోయి చూడటం, మొగ్గ వడిలిపోయి ఉండటం. ఈలోపల నరికిన పాత మొదలునుంచి మాత్రం పిలకలు గుంపులుగా లేచాయి. పల్లెవాళ్ళందరూ సంతోషపడ్డారు. "ఇంకేం పిన్నీ, నీ చెట్టు నీకొచ్చేసింది!" జర్నిషాన్ సంతోషపడలేదు. ఆ చెట్టు ఒకప్పుడు అంటు చెట్టో, నాటిన చెట్టో ఆమెకు తెలియదు. అంటుదైతే, రంపం అంటు కిందనుంచి పోయి ఉంటే, వచ్చేది కింద ఉన్న మామూలు హేవా జాతే. ఆకులు చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. కాయ కాసేదాకా తెలియదు. ఆ భయంతో మూడేళ్ళకు పైగా గడిపింది.

ఈలోగా గ్యాసు లేకపోయినా కట్టెలు దొరికాయి, నాతిగ్ కుంటుతూ తిరిగొచ్చాడు, ఐబెనిజ్ వాళ్ళు తమ ఇంటికి పోయారు. ఒక శరత్కాలంలో పాత మొదలునుంచి లేచిన పిలక చెట్టుకి నాలుగు కాయలు కాశాయి. చిన్నవి, గరుకువి. జర్నిషాన్ వాటిని గడ్డిలో పెట్టి నౌరూజ్ దాకా ఆగింది. కోసింది. కండ తెల్లగా, చెక్కలా ఉంది. నోట్లో పెట్టుకుంటే వగరెక్కి గొంతు పట్టేసింది. నమిలి మింగి, కత్తి పక్కనపెట్టి, చాలాసేపు గోడ వంక చూస్తూ కూర్చుంది.

గోడ అవతల, హాథార్న్ మీద కట్టిన ఆ ఒక్క అంటు బతికింది. ఆ ప్రాంతంలో ఎక్కడా ఇంకొక కెహ్రబా హేవా ఉన్నట్టు ఆమెకు తెలియదు. ఉన్న ఒక్కటీ కలంతర్ దొడ్లో, పాత కాలవ మడవ పక్కనే.

అది ఆమెకు పెద్ద దిగులైంది. కలంతర్ మంచివాడే, కానీ కోపిష్టి. ఇప్పటికీ నీళ్ళవంతు దగ్గర గొంతు లేస్తుంది. కోపంలో గొడ్డలి ఎత్తితే? ఇల్లు పెంచుదామని నాతిగ్ గోడ పడగొడితే? ఆమె నీళ్ళవంతు అడగడమే మానేసింది. తన కూరగాయల మడి ఎండిపోయినా ఊరుకుంది. ఒకరోజు కలంతరే గోడమీంచి కేకేశాడు.

"ఏమమ్మా, నీ మిరపమొక్కలు చచ్చిపోతున్నయ్. నీళ్ళు ఎందుకు తిప్పుకోవు?"

"నీకు కోపమొస్తుందని."

"వస్తే?"

"చెట్టు కొట్టేస్తావని."

 అంత పెద్ద మనిషి మొహం చిన్నబోయింది. "సగం తెగిన చెట్టుని కావిలించుకుని నువ్వు దిగేదాకా నిలబడ్డవాణ్ణి," అన్నాడు. "దీన్ని కొడతానా?" ఆ రోజంతా అతను మళ్ళీ బయటికి రాలేదు. నీళ్ళు మాత్రం ఆమె దొడ్డివైపు పారాయి.

ఆ మాట విని ఆమె నమ్మింది. నమ్మినా భయం పోలేదు. భయం నమ్మకం మాట ఎప్పుడు విన్నది? ఆ చెట్టునుంచి రెమ్మలు కోసి, ప్రతి వసంతం ఒకరి దొడ్లో కట్టడం మొదలుపెట్టింది. అడక్కుండానే కత్తీ, మైనమూ పట్టుకుని గుమ్మాల్లో నిలబడేది.

"మా దొడ్లో ఎందుకు పిన్నీ, మాకు హేవా ఉందిగా?"

"ఉండనీ. కలంతర్ ఇంటిమీద కొండ విరిగిపడితే మీ ఇంట్లో ఉంటుంది."

"మా ఇంటిమీద పడితే?"

"అందుకేగా, ఇక్కణ్ణుంచి మసీదు పక్కింటికి పోతున్నా."

"శుభమా అని అంటు కట్టడానికొచ్చి ఇళ్ళు కూలుస్తావేంటి!" అని నవ్వేవాళ్ళు. నవ్వుతూనే కట్టించుకునేవాళ్ళు. చెయ్యి ఇప్పటికీ వణికేది. కొన్ని అతికేవి, చాలా పోయేవి. పోయినచోట మరుసటేడు మళ్ళీ వెళ్ళేది. నుబార్ పెద్దదై, మైనం గిన్నె పట్టుకుని ఆమెతో తిరిగేది. నీకెందుకే అంత భయం అని ఎవరైనా జర్నిషాన్‌ని ఆటపట్టిస్తే ఆ పిల్ల ఊరుకునేది కాదు.

చాలా ఏళ్ళకి, పూత విరగబూసిన ఒక వసంతంలో, పొద్దున్నే లేచేసరికి నేలంతా తెల్లగా ఉంది. పూతమీద మంచు. కలంతర్ దొడ్లో చెట్టు పూలన్నీ ఉడికిన ఆకుల్లా నల్లబడ్డాయి. హాథార్న్ మొదలు కూడా బెరడు చీలింది. కలంతర్ అప్పటికి మంచం పట్టి ఉన్నాడు. కిటికీలోంచి చూసి, "ఎల్లి చూడు, మిగతావి ఎట్టున్నయ్యో," అన్నాడు.

జర్నిషాన్ శాలువా కప్పుకుని బయల్దేరింది. ప్రతి గుమ్మం ముందూ ఆగి, లోపలికి అడుగుపెట్టడానికి ధైర్యం చాలక, అక్కణ్ణుంచే అడిగేది, "ఏమైంది? చచ్చిపోయిందా?" ఒక ఇంట్లో నల్లబడింది. ఇంకో ఇంట్లో సగం. మసీదు పక్కింట్లో పూర్తిగా.  మెట్లదారిన పైపైకి పోయింది, పల్లె చిట్టచివర, గాలి ఆగకుండా వీచే గొర్రెలకాపరి ఇంటిదాకా. అక్కడ మంచు నిలవలేదు. చెట్టునిండా పూలు, తెల్లగా, అంచుల్లో గులాబీరంగుతో, తేనెటీగలతో సహా.

ఆ ఇంటి కోడలు తలుపు తీసి, మెట్టుమీద కూలబడి రొప్పుతున్న ముసలామెను చూసి కంగారుపడింది.

"అయ్యో, ఏమైంది పిన్నీ? ఎవరైనా తరిమారా?"

"ఎవరూ లేరు," అంది జర్నిషాన్. "కొంచెం టీ ఇవ్వు. తరువాత నిచ్చెన చూపించు, ఈసారి ఏ రెమ్మలు కొయ్యాలో ఇప్పుడే గుర్తు పెట్టుకుంటా."